అమ్మమ్మకు పండగ కానుకగా వైఫై ఫొటో ఫ్రేమ్: ఏది కొనాలి, ఎలా అమర్చాలి

పిల్లలూ మనవలూ తిరిగి వెళ్లాక ఇల్లు బోసిపోతుంది. ఆ సందడి అమ్మమ్మ కళ్ల ముందే ఉంచడానికి, మనం ఫోన్ నుంచి పంపిన ఫొటోలను ఇంటర్నెట్ ద్వారా అందుకుని ఒకదాని తర్వాత ఒకటి చూపే వైఫై ఫొటో ఫ్రేమ్ కన్నా మంచి కానుక లేదు. పది అంగుళాలదే కొనండి. ఏడు అంగుళాలదాంట్లో, అందరూ కలిసి దిగిన ఫొటోలో ముఖాలు ఆనవు.

అసలు ఇబ్బంది ఫొటో ఆకారంతో. ఎక్కువ ఫ్రేముల తెర వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:10, ఫోన్ ఫొటోలది 4:3. తెర నిండా పెడితే పైనా కిందా తెగుతుంది. వెనక వరసలో నిలబడ్డ పొడుగు మనవడి నుదురే ముందు పోతుంది. ఫోన్ అడ్డంగా పట్టుకుని, తలల పైన కాస్త ఖాళీ వదిలి తీయండి. నిలువు ఫొటోలు పూర్తిగా కనపడాలంటే పక్కల పట్టీలు తప్పవు.

చాలా ఫ్రేములు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి, రౌటర్ ఇచ్చే 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలవవు. అందుకే పండగ రోజుల్లోనే, ఆవిడ ఇంట్లోనే కలిపి చూసి వెళ్లండి. రౌటర్ పాస్‌వర్డ్ మారిస్తే కొత్త ఫొటోలు రావడం ఆగిపోతుంది, పాతవే తిరుగుతుంటాయి కనుక ఎవరూ గమనించరు. ఒక్కో ఫొటో 30 సెకన్లు నిలిచేలా పెట్టండి, పేరుపేరునా చూసుకోవాలిగా! రాత్రి తెర ఆరేలా టైమర్ పెట్టండి. చాలావాటికి బ్యాటరీ ఉండదు, ప్లగ్ దగ్గరే చోటు చూడాలి; కిటికీకి ఎదురుగా మాత్రం వద్దు.