.45-70కి పోత గుండ్లు: మూడు అచ్చులు, మూడు డైలు, ఎనిమిదేళ్ళ వాడకం

గుండ్లు పోసే అచ్చుని దాని మీద చెక్కిన నంబరు చూసి కొనకండి. ముందు మీ తుపాకీ గొట్టం కొలుచుకోండి, ఆ కొలతకి తగ్గ అచ్చు కొనండి. ఎనిమిదేళ్ళుగా పోస్తున్న గుండ్లలో నేను చూసిన తప్పుల్లో సగానికి పైగా ఈ ఒక్క దగ్గరే మొదలయ్యాయి.

నేను వాడేది మార్లిన్ 1895 లీవర్ రైఫిల్, .45-70 గవర్నమెంట్ తూటా. 1873లో అమెరికా సైన్యం కోసం తయారైనప్పుడు ఈ తూటాలో ఉన్నది 405 గ్రెయిన్ల (26 గ్రాముల) సీసపు గుండు, 70 గ్రెయిన్ల నల్లమందు. సీసం కోసమే పుట్టిన తూటా కాబట్టి టెక్సస్ అడవిపందుల వేటకి దీనికి పోత గుండు బాగా కుదురుతుంది. ఇదంతా అమెరికాలో ఉన్నవాళ్ళ కోసం రాస్తున్నాను. ఇండియాలో వేటకి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడ్డు, తూటాల తయారీకి 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళు 2019 జులై 1 నుంచి సీసపు గుండుతో వేటాడకూడదు. అక్కడ ఇది సీసం ఒప్పుకునే రేంజిలో కాల్చుకోవడానికే.

కొలవడం కష్టం కాదు. చేపల గాలానికి కట్టే మెత్తటి సీసపు గుండు ఒకటి, గొట్టం లోపలి వ్యాసం కంటే కాస్త పెద్దది తీసుకోండి. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, గొట్టానికి నూనె పట్టించి, మూతి దగ్గర పెట్టి చెక్క సుత్తితో లోపలికి కొట్టండి. తర్వాత ఇత్తడి కడ్డీతో నెమ్మదిగా అవతలి వైపుకి తోయండి. తోస్తుంటే ఎక్కడ బిగుసుకుంటోందో, ఎక్కడ వదులవుతోందో చేతికి తెలుస్తుంది. ఆ సమాచారం కూడా విలువైనదే. బయటికొచ్చిన సీసం మీద ఎత్తుగా ఉన్న గీతలే గొట్టం లోపల మెలితిరిగి ఉండే గాళ్ళ ముద్ర. వాటికి ఎదురెదురుగా మైక్రోమీటరు పెట్టండి. కాలిపర్‌ని నమ్మొద్దు. మనకి కావలసిన తేడా అంగుళంలో వెయ్యో వంతు, లేతు పనివాళ్ళు ‘థౌ’ అనేది. తల వెంట్రుక మందం సుమారు మూడు థౌలు ఉంటుంది. గాళ్ళ సంఖ్య బేసి అయితే గాడికి ఎదురుగా గాడి రాదు, మామూలు మైక్రోమీటరు తప్పు చూపిస్తుంది. వి-ఆకారపు దిమ్మె ఉన్నది కావాలి.

ఈ తూటాకి కాగితం మీద గాడి కొలత .458 అంగుళాలు. నా గొట్టం .4587 వచ్చింది. గుండు గాడి కంటే ఒకటి రెండు థౌలు లావుండాలి కాబట్టి నాకు కావలసింది .460. బజారులో .45-70కి దొరికే అచ్చుల్లో చాలావాటి పేర్లు 457తో మొదలవుతాయని గమనిస్తే చిక్కు ఎక్కడుందో అర్థమవుతుంది. సన్నగా పడ్డ గుండుని ఏ డై (గుండుని లోంచి తోసి కొలతకి తెచ్చే ఉక్కు రంధ్రం) కూడా లావు చేయలేదు. లావుగా పడ్డదాన్ని మాత్రం తగ్గించుకోవచ్చు.

ఇక అచ్చులు.

మొదటిది చవక అల్యూమినియం అచ్చు, రెండు గుంటలది. వేడెక్కడం చాలా త్వరగా అవుతుంది, నాలుగైదు పోతలకే మంచి గుండ్లు పడతాయి. బరువు తక్కువ, మణికట్టు నొప్పి పుట్టదు. కానీ నా దాంట్లో గుండ్లు .4575 పడ్డాయి, నా గొట్టానికి పనికిరావు. అచ్చు రెండు ముఖాల మధ్య అల్యూమినియం టేపు అతికిస్తే ఒకటి రెండు థౌలు పెరుగుతుంది గానీ ఒకే దిశలో పెరుగుతుంది, గుండు కోడిగుడ్డులా అవుతుంది. పౌడర్ కోటింగ్ వేస్తే రెండు మూడు థౌలు గుండ్రంగానే పెరుగుతాయి, ఆ అచ్చుకి అదొక్కటే మంచి దారి. రెండు వేల గుండ్ల దగ్గర పై పలక (సీసం పోసే రంధ్రాలుండి, మిగులు సీసాన్ని కోసేది) కింద సీసం పూసుకుని గీతలు పడ్డాయి. పలక ఇరుసుకి ప్రతి యాభై పోతలకి వేడి తట్టుకునే నూనె ఒక్క చుక్క వేసి ఉంటే ఇంకా చాలాకాలం వచ్చేది. గుంటలోకి మాత్రం ఆ నూనె పోకూడదు.

రెండోది ఆర్‌సీబీఎస్ 45-405-ఎఫ్‌ఎన్, ఇనుప అచ్చు. గుండు అడుగున గ్యాస్ చెక్, అంటే చిన్న రాగి టోపీ, తొడిగే మెట్టు ఉంటుంది. ముక్కు చదును. లీవర్ రైఫిల్ గొట్టపు మ్యాగజైన్‌లో ఒక గుండు ముక్కు ముందున్న తూటా ప్రైమరుకి (మందుని రగిలించే అడుగు బిళ్ళకి) ఆనుకుని ఉంటుంది కాబట్టి మొన గుండు ప్రమాదం, చదును ముక్కు తప్పనిసరి. నా మిశ్రమంతో ఇది .4600 నుంచి .4605 వరకు పోస్తోంది. వేడెక్కడానికి ఇరవై నిమిషాలు తీసుకుంటుంది, ఆ తర్వాత రెండు గంటలు ఏకధాటిగా ఒకేలా పడతాయి. తుప్పొక్కటే జాగ్రత్త. మూడింటిలో ఒకటే ఉంచుకోమంటే ఇదే ఉంచుకుంటాను.

మూడోది కొలత చెప్పి చేయించిన ఇత్తడి అచ్చు, .461. పోత నునుపు చూడముచ్చటగా ఉంటుంది, గీతలన్నీ కత్తితో కోసినట్టు వస్తాయి. అయితే బరువు. వేడి పట్టుకుంటే వదలదు. 405 గ్రెయిన్లంటే 26 గ్రాముల సీసం, రెండు గుంటల్లో ప్రతిసారీ 52 గ్రాములు పడుతుంటే అచ్చు త్వరగా మితిమీరి వేడెక్కి గుండ్లు మంచు పట్టినట్టు తెల్లగా వస్తాయి. పోతకీ పోతకీ మధ్య అరనిమిషం ఆగాలి. చేయించుకునేటప్పుడు మీ మిశ్రమం ఏమిటో తప్పకుండా చెప్పండి. ఆంటిమొనీ ఎక్కువుంటే గుండు లావుగా పడుతుంది, మెత్తటి సీసం ఎక్కువ ముడుచుకుని సన్నగా పడుతుంది. ఒకే అచ్చులో ఈ తేడా ఒక థౌ దాకా వస్తుంది. ఇంకొకటి, నొక్కుగాడి (కేసు మూతిని నొక్కి బిగించే గాడి) నుంచి ముక్కు కొస దాకా ఉన్న దూరం చూసుకోండి. పూర్తి తూటా పొడవు 2.55 అంగుళాలు దాటితే లీవర్ యంత్రాంగంలో ఇరుక్కుంటుంది.

మిశ్రమం సంగతి. వేటకి నేను వాడేది ఇరవైకి ఒకటి: పది కిలోల సీసానికి అరకిలో తగరం. గట్టితనం బ్రినెల్ లెక్కలో 10 దగ్గర. లైమన్ నంబర్ 2 (సీసం 90, తగరం 5, ఆంటిమొనీ 5) 15 దగ్గర ఉంటుంది, లక్ష్యం మీద కాల్చడానికి బాగుంటుంది. అచ్చుయంత్రాల లైనోటైపు లోహం 22, ఎముకకి తగిలితే పెళుసుగా పగులుతుంది, వేటకి వద్దు. పాత కారు చక్రాల బ్యాలెన్సు బరువులు కరిగిస్తుంటే జింకు మీద కన్నేయండి. సీసం 327 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది, జింకు 419 దాటాలి. కుండని 380 లోపే ఉంచితే జింకు ముక్కలు పైన తేలుతాయి, గరిటెతో తీసేయొచ్చు. ఒకసారి కలిసిందంటే గుంట మూలలు నిండవు, కుండంతా పాడైనట్టే. తెట్టు తీసే ముందు వేరుశనక్కాయంత తేనెమైనం వేసి కలపండి, తెట్టుతోపాటు తేలిన తగరం మళ్ళీ లోపలికి కలుస్తుంది.

గుండు మీద ముడతలుంటే అచ్చు చల్లగా ఉందని, లేదా నూనె జిడ్డు ఉందని. అడుగు అంచు గుండ్రంగా వస్తే పలక మీద సీసం చాలినంత నిలవలేదు. పెద్ద గుండు చల్లబడుతూ పైనుంచి సీసాన్ని పీల్చుకుంటుంది, పైన ఉదారంగా పోయకపోతే అడుగున గుల్ల పడుతుంది. అడుగు అంచు బాగాలేని గుండుని మొహమాటం లేకుండా తిరిగి కుండలో వేసేయండి, గురి చెడేది అక్కడే. తూకంలో రెండు గ్రెయిన్ల తేడాని నేను పట్టించుకోను.

నీళ్ళు దగ్గరికి రానివ్వకండి. తడి ముక్క ఒకటి కరిగిన సీసంలో మునిగితే ఆవిరి పేలి కుండంతా మీదికి చిమ్ముతుంది. గాలి ఆడే చోట, ముఖానికి అడ్డుతో, వంటింటి గిన్నెలు ముట్టుకోకుండా చేయాల్సిన పని ఇది. ఏడాదికోసారి రక్తంలో సీసం పరీక్ష చేయించుకోండి.

డైలు మూడు కొన్నాను: .458, .459, .460. వాడేది చివరిదొక్కటే. తూటాలు కట్టే ప్రెస్‌కి బిగించి కింది నుంచి తోసే రకమిది, గుండు ముక్కు ముందుగా పోతుంది కాబట్టి వంకర రాదు. గొట్టంలో జారడానికి గుండు గాళ్ళలో మైనం ఎక్కిస్తూ సైజు చేసే యంత్రం కూడా వాడి చూశాను. దాంట్లో పై పంచి ముక్కుకి సరిపోకపోతే గుండు పక్కకి వాలి ఒక వైపే గీసుకుంటుంది. డైలోంచి వచ్చిన గుండు చుట్టూ సన్నటి మెరుపు సమానంగా ఉంటే అంతా బాగున్నట్టు. ఒకవైపే మెరిస్తే అచ్చు సరిగ్గా మూసుకోలేదు. రెండు థౌల కంటే ఎక్కువ తగ్గించకండి, మైనపు గాళ్ళు పూడుకుపోతాయి. ఆంటిమొనీ ఉన్న మిశ్రమమైతే పోసిన రోజే సైజు చేయండి, రెండు వారాల్లో అది గట్టిపడి చేతికి బరువవుతుంది.

ఇంత కష్టపడి .460 చేసిన గుండుని చాలామంది కేసులో దింపేటప్పుడు పాడుచేస్తారు. రాగి తొడుగు గుండ్ల కోసం చేసిన వెడల్పు ప్లగ్గు (కేసు మూతిని వెడల్పు చేసే కడ్డీ) సన్నగా ఉంటుంది, మెత్తటి గుండుని ఇత్తడి కేసు నొక్కేసి .458 చేస్తుంది. పోత గుండుకి మెట్టున్న ప్లగ్గు వేరే కొనుక్కోండి. మందు, ప్రైమరు లేకుండా ఒక ఉత్తి తూటా కట్టి, చాంబర్లో (గొట్టం వెనక తూటా కూర్చునే గదిలో) పెట్టి, స్వేచ్ఛగా పోతోందో చూసి, గుండు ఊడదీసి మళ్ళీ కొలవండి.

పది కాల్పుల తర్వాత గొట్టంలో దీపం వేసి చూడండి. చాంబరు దగ్గర సీసం పట్టి ఉంటే గుండు సన్నం, దాని పక్కనుంచి వేడి వాయువు దూసుకుపోతోంది. మూతి దగ్గరైతే మైనం మధ్యలోనే అయిపోతోంది. గట్టి మిశ్రమానికి మారితే తగ్గుతుందని చాలామంది అనుకుంటారు, గుండు సన్నమైతే మాత్రం గట్టి సీసంతో ఇంకా ఎక్కువే పడుతుంది. పట్టిన సీసాన్ని తీయడానికి పాత్రలు తోమే రాగి పీచు పాత బ్రష్షుకి చుట్టి తిప్పితే రేకులుగా ఊడి వస్తుంది. కొనేటప్పుడు పీచుకి అయస్కాంతం తగిలించి చూడండి. అతుక్కుందంటే అది రాగి పూత వేసిన ఉక్కు, గొట్టాన్ని గీసేస్తుంది.