విజయనగరం శివార్లలో ఒక ప్రైవేటు వృద్ధాశ్రమం: వంటకి ఫుల్ మార్కులు, రాత్రి డ్యూటీకి సున్నా

తిండి బాగుంది. పొద్దున్న చోడి అంబలి, మధ్యాహ్నం మెత్తటి అన్నం, పప్పు, షుగర్ ఉన్నవాళ్లకి వేరే వంట. గదులూ శుభ్రమే. చాలామంది ఇంతవరకు చూసి అడ్వాన్సు కట్టేస్తారు.

మందుల రిజిస్టరు అడిగి చూడండి. సాయంత్రం 4 గంటలకే రాత్రి 9 గంటల మాత్రలకి టిక్కులు పడిపోయి ఉన్నాయి, అన్నీ ఒకే ఊపులో. అలాంటిచోట రిజిస్టరు నమ్మకుండా స్ట్రిప్పులు లెక్కపెట్టాలి. రోజుకి రెండు వేసే మాత్ర 10 రోజులకి 20 తగ్గాలి. మిగిలితే వెయ్యట్లేదని. నిద్రమాత్ర అయితే తలకిందులు: ముందే అయిపోతే గోల లేకుండా పడుకోబెడుతున్నారేమో చూడాలి. పగలు కూడా మాట ముద్దగా వస్తుంటే వెంటనే డాక్టరుకి చూపించండి, షుగర్ పడిపోయినా, పక్షవాతమైనా అలాగే ఉంటుంది.

రాత్రి 22 మందికి ఒక్క ఆయా. అందులో మంచం దిగలేనివాళ్లు ఆరుగురు. వాళ్లని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. తిప్పి, డైపర్ చూసి, దుప్పటి సర్దడానికి మనిషికి 10 నిమిషాలు వేసుకున్నా ఆరుగురికి గంట. ఈలోగా ఇంకెవరో పిలుస్తారు. విసుగు, ఆ వెంటనే చెయ్యి గుంజడం ఇక్కడే మొదలవుతాయి, ఆయా చెడ్డదే కానక్కర్లేదు. వెళ్లినప్పుడల్లా మడమలు, తుంటి, నడుం కింది ఎముక చూడండి. వేలితో నొక్కినా ఎరుపు తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. నల్లటి ఒంటి మీద ఎరుపు తెలీదు, ముట్టుకుంటే చుట్టుపక్కల కంటే వేడిగానో చల్లగానో, గట్టిగానో మెత్తగానో ఉంటుంది. జబ్బ లోపలివైపు వేళ్ల అచ్చులు, మణికట్టు చుట్టూ గీత ఉంటే "బాత్రూంలో జారారండి" అన్న జవాబు ఒప్పుకోవద్దు.

అన్నిటికంటే పెద్ద లోపం, బంధువుల్ని ఆదివారం రెండు గంటలే రానిస్తారు, అదీ సూపర్‌వైజరు పక్కనుండగా. "బాగా చూస్తున్నారా, మామ్మా?" అంటే ఆవిడ ముందు మామ్మ ఏం చెబుతుంది? వరండాలోకి తీసుకెళ్లి "రాత్రి ఒంటేలుకి లేస్తే ఎవరొస్తారు?" అనడగాలి.

ఏటీఎం కార్డు ఆఫీసులో దాస్తామంటారు. ఇవ్వకండి.

లేచి తిరిగేవాళ్లకైతే సరే. మంచాన పడ్డవాళ్లని మాత్రం రాత్రికి రెండో ఆయాని పెట్టేదాకా ఇక్కడ చేర్చొద్దు.

దెబ్బలు కనిపిస్తే తేదీ పడేలా ఫొటో తీసి, గవర్నమెంటు ఆసుపత్రిలో చూపించి, పోలీసు స్టేషన్లో ఫిర్యాదివ్వండి. అర్జెంటైతే 112. సలహాకి వృద్ధుల హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా. 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గరుండే ట్రిబ్యునల్ పిల్లల నుంచి పోషణ ఖర్చు ఇప్పించడానికి. ఆయా కొట్టిందని అక్కడ అర్జీ పెడితే రోజులు పోతాయి.