నాలుగేళ్ల ఉప్పునీళ్ల తర్వాత నా పన్నెండడుగుల గాలపు కర్ర

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కొట్టు లెక్కలు రాస్తాను. శని, ఆదివారాలు యార్డుకు సెలవు కాబట్టి సముద్రం నాకు ఆ రెండు రోజులే దొరుకుతుంది. 2021 డిసెంబరులో ఆన్‌లైన్‌లో ఒక గాలపు రాడ్డు, దాని దారం చుట్టే రీలు ఒకటి కొన్నాను. రాడ్డు పన్నెండడుగులది, గొట్టాలన్నీ ఒకదానిలోకి ఒకటి దూరిపోయే టెలిస్కోపిక్ రకం, 2,800 రూపాయలు. రీలు 5000 సైజు స్పిన్నింగ్ రీలు, 3,900 రూపాయలు. అప్పటికి బాపట్ల మా జిల్లాలోనే ఉండేది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక గుంటూరు జిల్లాకు సముద్రమే లేకుండా పోయింది. అదే రైలు, అదే సూర్యలంక ఒడ్డు, కాకపోతే ఇప్పుడు పొరుగు జిల్లాకు పోయి చేపలు పడుతున్నాను.

టెలిస్కోపిక్ రకం కొనడానికి కారణం రైలే. మూస్తే నాలుగడుగుల లోపుకు వస్తుంది, బోగీలో పై అర మీద పడేస్తే ఎవరికీ అడ్డు ఉండదు. రెండు ముక్కల రాడ్డయితే ఒక్కో ముక్క ఆరడుగులు. తెనాలిలో జనం ఎక్కాక ఆరడుగుల కర్రతో నిలబడటం ఎలా ఉంటుందో ఊహించుకోండి. శనివారం సాయంత్రానికి బాపట్లలో చెల్లెలి ఇంటికి చేరి, తెల్లవారుజామున మా బావ బండి మీద తొమ్మిది కిలోమీటర్లు పోతే ఇసుక. నాలుగేళ్లుగా నెలకు రెండు సార్లు ఇదే వరస.

అంతకుముందు నాకు తెలిసింది కాలువ చేపలే. దుగ్గిరాల దగ్గర కొమ్మమూరు కాలువ గట్టు మీద మా మేనమామ వెదురు కర్ర, నెమలి ఈక బెండు ఇచ్చి, ఎర్రలు గుచ్చడం నేర్పాడు. బెండు మునిగితే లాగడమే ఆ విద్య మొత్తం. సముద్రం దగ్గర అందులో ఒక్క ముక్కా పనికిరాలేదు, ఓపిక తప్ప.

రాడ్డు గురించి ముందు చెడే చెబుతాను. దీనికి ఇసుక గిట్టదు. ఇసుకలో నిలబడి వాడే వస్తువుకు ఇసుక గిట్టకపోతే ఎలా అని మీరు అడగవచ్చు, నేనూ నాలుగేళ్లుగా అదే అడుగుతున్నాను. తడి చేత్తో గొట్టం లాగినప్పుడు కీలు దగ్గర నాలుగు రేణువులు చేరితే చాలు, విసురుళ్ల బిగువుకు అవి నలిగి, పైన ఉప్పు ఆరి, రెండు గొట్టాలు ఒక్కటైపోతాయి. మొదటి ఏడాది అలా బిగిసిపోయిన రాడ్డును మూయలేక, తొమ్మిదడుగుల కర్రను నిలువుగా పట్టుకుని బాపట్ల స్టేషన్లో నిలబడ్డాను. ఊరేగింపులో జెండా పట్టినట్టు ఉందని మా బావ ఇప్పటికీ నవ్వుతాడు. పట్టకారుతో తిప్పితే గొట్టం పగులుతుంది, ఆ పని చేయవద్దు. రాడ్డును నిటారుగా పట్టి, అడుగు భాగాన్ని చెక్క పీట మీద మెల్లగా తడుతూ ఉంటే చాలాసార్లు వదులుతుంది. అలా వదలకపోతే కీలు చుట్టూ చల్లని గుడ్డ చుట్టి, ఇద్దరు చెరో పక్క పట్టుకుని నేరుగా నెట్టాలి. ఇప్పుడు ఇసుకలోకి దిగకముందే పొడి చేతులతో గొట్టాలన్నీ తెరుస్తాను, నిలబెట్టడానికి మూడడుగుల పీవీసీ పైపు ఒకటి ఇసుకలో దిగేస్తాను. రాడ్డును ఇసుక మీద పడుకోబెట్టడం మానేశాక బాధ సగం తగ్గింది. మిగతా సగం అలాగే ఉంది.

దారం జారే రింగులను ఎవరూ పట్టించుకోరు. మూడో ఏడాది ఊరికే దారం తెగుతుంటే దారాన్నే తిట్టుకున్నాను. చివరి రింగు లోపలి పింగాణీకి వెంట్రుకంత పగులు ఉందని తర్వాత తెలిసింది. లోపల దూదితో తుడిస్తే పోగు చిక్కుకుంది, అదే పరీక్ష. కొన రింగు మార్చాను, తెగడం ఆగింది.

రీలు మాత్రం నా అంచనా కంటే మంచిది. రెండో ఏడాది చివర ఒక్కసారే మొరాయించింది, తప్పు నాదే. దారం మలుపు తీసుకునే చోట చిన్న చక్రం ఒకటి ఉంటుంది. అది తిరగడం మానేస్తే దారం మెలికలు పడి స్ప్రింగులా చుట్టుకుంటుంది. ఇంటికి రాగానే శుభ్రంగా కడుగుతున్నాననుకుని కొళాయి ధారంతా దాని మీద వదిలేవాడిని. అంత ఒత్తిడికి ఉప్పు బయటికి పోలేదు, బేరింగులోకి దూరింది. కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన చిటికెన వేలి గోరంత బేరింగు వెతికి వేసిచ్చాడు. ఇప్పుడు పద్ధతి మార్చాను. చేప లాగినప్పుడు దారం ఎంత బిగువుగా వదలాలో చూసే డ్రాగ్ మర బిగించి, చెంబుతో మంచినీళ్లు చిలకరించి, గుడ్డతో తుడిచి, డ్రాగ్ పూర్తిగా వదులు చేసి నీడలో ఆరబెడతాను. బిగించి దాచితే లోపలి బిళ్లలు అణిగిపోయి, పెద్ద చేప పడిన రోజున డ్రాగ్ కుదుపులతో వదులుతుంది. అదే కుదుపుకు దారం తెగుతుంది.

దారం విషయంలో వీడియోలు చూసి మోసపోయాను. సన్నగా ఉంటుంది, దూరం పోతుంది అని అల్లిక దారం, అదే బ్రెయిడ్, చుట్టించాను. గాలి రోజున అది వేసుకున్న ముడులు విప్పడానికే తెల్లారి పోయేది. ఇసుకకు పోగులు లేచేవి, చూపుడు వేలు కోసుకుపోయేది. మూడు నెలల్లో 0.35 మిల్లీమీటర్ల మామూలు నైలాన్ దారానికి వచ్చేశాను. సాగుతుంది నిజమే, కానీ అలల్లో ఆ సాగుడే చేప నోటి నుంచి గాలం ఊడకుండా కాపాడుతుంది. ఎండకు నైలాన్ పెళుసు బారుతుంది కాబట్టి ఆరు నెలలకు దారాన్ని తిరగేసి చుడతాను, వాడని అడుగు భాగం పైకి వస్తుంది. ఏడాదికి మొత్తం మారుస్తాను.

ఒక్క విషయంలో పిసినారితనం వద్దు. వంద గ్రాముల సీసం బరువును బలంగా విసిరేటప్పుడు ఆ ఊపును సన్న దారం మోయలేదు. ముందు భాగంలో 0.60 మిల్లీమీటర్ల మందపాటి దారం, రాడ్డుకు రెండింతల పొడవుతో, రీలు మీద నాలుగైదు చుట్లు వచ్చేలా కట్టాలి. మొదటి వేసవిలో అది లేకుండా విసిరాను. దారం ఠప్పుమని తెగి సీసం తుపాకీ గుండులా పోయింది. నీళ్లలోకే పోయింది కాబట్టి ఈ మాటలు రాస్తున్నాను. ఆ ఉదయం ఇంకో విసురు విసరడానికి చేతులు రాలేదు.

ఇంతా చేసి, ఈ పన్నెండడుగుల పొడవు నాకు ఎందుకు? మొదటి ఏడాదంతా బలం కొద్దీ దూరానికి విసిరేవాడిని. ఒకరోజు పక్కన వల ఆరబెట్టుకుంటున్న పెద్దాయన చూసి చూసి అడిగాడు.

"అబ్బాయ్, అండమాన్ దాకా విసురుతావా? చేప నీ కాళ్ల ముందే ఉంది కదా."

"ఎక్కడ తాతా?"

ఆయన చూపించాడు. ఒడ్డుకు కొంత దూరంలో ఇసుక తిన్నె ఉంటుంది, అల దాని మీద విరిగి తెల్లగా నురగ కడుతుంది. ఆ తిన్నెకూ ఒడ్డుకూ మధ్య నీళ్లు కాస్త ముదురు రంగులో, నురగ లేకుండా ఉంటాయి. అది గుంత. ఒడ్డు కోతకు ఊడిన పురుగూ పుట్రా అందులో చేరుతుంది, చేప వాటి కోసం అక్కడికి వస్తుంది. పాటు సమయంలో, అంటే నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు, నడిచి చూసి గుంత ఎక్కడుందో గుర్తు పెట్టుకుని, పోటు మొదలయ్యాక గాలం వేయాలి. పోటు రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి, పోయిన ఆదివారం గంట ఈ ఆదివారానికి పనికిరాదు. నా విసురు గుంత దాటి తిన్నె అవతల పడుతోందని అప్పుడు అర్థమైంది. ఇప్పుడు ముప్పై నలభై గజాలు మించి విసరను. పొడవు పూర్తిగా వృథా అనను, విరిగే అల పైనుంచి దారం ఎత్తి పట్టడానికి అది కావాలి. అందుకు పదడుగులు చాలు.

"నీ చేతికి మిరప ఘాటు ఉంది, చేప రాదు" అని కూడా ఆయనే అన్నాడు. వేళాకోళమో నిజమో తెలియదు కానీ అప్పటి నుంచి ఇసుకతో చేతులు రుద్దుకున్నాకే ఎర ముట్టుకుంటున్నాను.

ఎర పచ్చి రొయ్యే, లేదా కవళ్లనే చిన్న చేపల ముక్క. శనివారం రాత్రి రాళ్ల ఉప్పు చల్లి పెడితే తెల్లవారేసరికి గట్టిపడుతుంది, పైన సన్నని ఎలాస్టిక్ దారం చుడితే విసురుకు ఊడదు. మామూలు గాలాలు మానేసి, మొన లోపలికి వంగిన గుండ్రటి గాలాలు వాడుతున్నాను. లాగి కొట్టకూడదు, రాడ్డు వంగాక మెల్లగా చుట్టాలి. గాలం పెదవి మూలన పడుతుంది, కడుపులోకి పోదు. వదలాల్సిన చేప బతుకుతుంది.

పడేవాటిలో ఎక్కువ జెల్లలే. వెన్ను మీద ఒకటి, రెక్కల దగ్గర రెండు ముళ్లు, మూడింటికీ విషం ఉంటుంది. రెండో ఏడాది అరచేతిలో దిగింది. మోచేయి దాకా మంట పాకి కళ్లలో నీళ్లు తిరిగాయి. టీ కొట్టు ఆయన వేడి నీళ్లిచ్చాడు. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో చేయి ముంచితే ఆ విషం నీరసిస్తుంది, అరగంటకు మంట దిగింది. ముల్లు విరిగి లోపల ఉండిపోతే మాత్రం వైద్యుడే తీయాలి. ఇంకో జెల్లను గాలం నుంచి తీస్తుంటే నోట్లోంచి గోళీకాయల్లాంటి గుడ్లు రాలాయి. ఈ జాతుల్లో మగ చేప గుడ్లను నోట్లో పెట్టుకుని కాపాడుతుందట, అన్నాళ్లూ తిండి మాని. ఆకలి చంపుకున్న తండ్రి నా రొయ్యను ఎందుకు పట్టుకున్నాడో! గబగబా నీళ్లలో వదిలాను, గుడ్లు మాత్రం మళ్లీ దాని నోటికి చేరలేదు. మాగ చేపలు అప్పుడప్పుడు, పండుగప్ప నాలుగేళ్లలో ఒక్కటి. పండుగప్ప మగగా పెరిగి, పెద్దదయ్యాక ఆడగా మారుతుంది, అంటే బాగా పెద్దవి దాదాపు అన్నీ తల్లులే. అలాంటిది పడితే వదిలేస్తానని ఇంట్లో చెప్పాను. ముందు పడనివ్వండి అని జవాబు వచ్చింది.

నా చోటు ఎక్కడో చెప్పను. చెప్పినా లాభం లేదు, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది, తర్వాత పోయి చూస్తే నా గుంత లేదు. కొత్తది వెతకడానికి రెండు నెలలు పట్టింది. చోటును పాడు చేసేది తుపాను కంటే మనమే. తెగిన దారం ఇసుకలో కుళ్లదు. ఒక కాకి కాలికి అది చుట్టుకుని బిగిసిపోయి ఉండటం చూశాను, అది నా దారం కాదని చెప్పలేను. ఖాళీ నీళ్ల సీసాకు చీలిక పెట్టి జేబులో వేసుకుంటాను, నా ముక్కలూ పరాయి ముక్కలూ అందులోకే. కార్తిక పౌర్ణమి స్నానాలు, వనభోజనాల రద్దీ అయ్యాక రెండు వారాలు అటు వెళ్లను, పగిలిన గాజు కాళ్లకు తగులుతుంది. వల లాగే వాళ్లు వచ్చారంటే నా గాలం తీసేయడమే. అది వాళ్ల కూడు, నాది సరదా.

జనవరి నుంచి మార్చి దాకా ఈ ఒడ్డున ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. తెల్లని దీపం వాటిని బెదరగొడుతుంది, పిల్లలకైతే దారి తప్పిస్తుంది. నుదుటి దీపానికి ఎర్ర కాగితం అంటించుకున్నాను. గుడ్ల గుంత కనిపిస్తే నేరుగా అటవీ శాఖ వాళ్లకు చెప్పాలి, తాకకూడదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఇంజన్ పడవలకే, అయినా ఆ రెండు నెలలూ నేనూ కర్ర మూసేస్తాను. మా యార్డు వేసవి సెలవులూ అప్పుడే వస్తాయి కాబట్టి రీలు విప్పి గ్రీజు పెట్టే పని ఆ రోజుల్లో పెట్టుకుంటాను.

ఇదే రీలు మళ్లీ కొంటాను. రాడ్డు కొనను. పదడుగులది, మూడు ముక్కలది వస్తే రైలుకూ సరిపోతుంది, ఇసుకకూ సరిపోతుంది, దానికోసం డబ్బులు పక్కన పెడుతున్నాను. సముద్రం కొత్త అయి, బైకు లేక బస్సో రైలో ఎక్కేవాళ్లయితే టెలిస్కోపిక్‌తో మొదలుపెట్టినా నష్టం లేదు, ఏడాది తర్వాత మీరే మారుస్తారు. ఇది రాస్తున్న రాత్రి అడుగు నుంచి రెండో గొట్టం మళ్లీ బిగిసింది, ఈసారి తెరుచుకోవడం లేదు. శనివారం లోపు వదలకపోతే పన్నెండడుగుల కర్రను తొమ్మిదడుగులకే వాడాలి. ఆ పండుగప్ప పడిన రోజున కూడా ఇలాగే బిగిసి ఉంది.