క్వాంటమ్ డాట్లు: నాలుగేళ్లు వాడాక

మా ల్యాబ్ హబ్సిగూడలో. నాలుగేళ్లుగా ప్రోటీన్లు పట్టడానికి స్ట్రెప్టావిడిన్ (బయోటిన్ అనే విటమిన్‌కి గట్టిగా అతుక్కునే ప్రోటీన్) అతికించిన క్వాంటమ్ డాట్లు, అంటే కాంతి పడితే మెరిసే అతి చిన్న రేణువులు, వాడుతున్నాను. లోపల క్యాడ్మియం సెలినైడ్, పైన జింక్ సల్ఫైడ్ పొర. రేణువు చిన్నదైతే ఆకుపచ్చ, పెద్దదైతే ఎరుపు. 2023 కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది వీటికే.

ముందు నచ్చింది రంగు వెలవకపోవడం. ఎఫ్ఐటీసీ అనే మెరిసే రంగు వేసిన స్లైడైతే ఫోకస్ సరిచేసుకునేలోపే సగం వెలిసిపోయేది. ఒకసారి షట్టర్ మూయడం మరిచి కిందికెళ్లి చాయ్ తాగొచ్చాను. టెన్షన్‌తో చూస్తే ఎర్ర చుక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

సీరంతో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంతో, పనిచేసేవాళ్లు మాత్రం రంగు చూసి కొనండి. సీరం తనంతట తానే నీలం, ఆకుపచ్చల్లో మెరుస్తుంది. మొదట 525 నానోమీటర్ల దగ్గర, అంటే ఆకుపచ్చలో, మెరిసే డాట్లు తెప్పించి నెలంతా ఆ మెరుపులోనే వెతుక్కున్నాను. ఎరుపులో మెరిసే 655కి మారాక పని తేలికైంది. 405 నానోమీటర్ల ఊదా లేజర్ కొడితే వెలుగు ఎక్కడో ఎరుపులో వస్తుంది, సీరం గోల అక్కడిదాకా రాదు. సిట్రిక్ యాసిడ్, ఇథిలీన్ డయామీన్ కలిపి 200 డిగ్రీల దగ్గర ఉడికించి కార్బన్ డాట్లు కూడా చేసి చూశాం. ఖర్చు దాదాపు లేదు, యూవీ టార్చి వేస్తే నీలంగా భలే మెరిశాయి. ఆ నీలమే సీరంలో కలిసిపోయింది.

బ్లాట్‌లో, అంటే ప్రోటీన్లను మెంబ్రేన్ అనే పల్చటి పొర మీదికి ఎక్కించి వెతికే పరీక్షలో, మొదట్లో పాలపొడితో బ్లాకింగ్ (ఖాళీ చోట్ల డాట్లు అతుక్కోకుండా కప్పడం) చేసేవాళ్లం. బ్యాండ్లు (ప్రోటీన్ ఉన్నచోట కనిపించే గీతలు) పల్చగా, చుట్టూ మెంబ్రేనంతా మసకగా వచ్చేవి. పాలలో బయోటిన్ ఉంటుంది కదా, స్ట్రెప్టావిడిన్ దానికీ అతుక్కుంటుంది. ఆ సంగతి మాకు మూడు బ్లాట్లు పాడయ్యాక గానీ వెలగలేదు. ఇప్పుడు బీఎస్ఏ (ఆవు రక్తం నుంచి తీసే ప్రోటీన్) తప్ప ఇంకోటి వాడం.

అసలు దెబ్బ ఫ్రీజర్‌ది. వీటిని 4 డిగ్రీల దగ్గరే ఉంచాలి, గడ్డకట్టకూడదు. మే నెలలో ఒకరోజు కరెంటు పోయి వస్తుంటే, పాడవుతుందేమోనని కొత్తగా చేరిన పిల్లాడు డాట్ల వయల్‌ని (చిన్న సీసాని) మైనస్ 20 ఫ్రీజర్‌లో పెట్టాడు. కరిగాక పైకి బాగానే కనిపించింది. స్లైడు మీద మాత్రం రేణువులు ముద్దలు కట్టి, కారం చల్లినట్టు ఎర్రటి మచ్చలు. తిట్టలేదు, మంచికే చేశాడు పాపం. పోయిన డబ్బు తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. మంచి వయల్‌నైనా వాడేముందు కాసేపు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ముద్దలు అడుక్కి దిగాక పైనున్నదే తీసుకోండి.

రోజూ ఒకే ప్రోటీన్ ఉందా లేదా చూసుకోవడానికైతే ఇంత ఖర్చెందుకు, హెచ్ఆర్‌పీ అనే ఎంజైమ్‌తో చేసే పాత పద్ధతి చాలు. నేనూ దానికి అదే వాడతాను. వాడేసిన డాట్లను సింకులో పోయకండి, విషపు లోహం క్యాడ్మియం ఉంది. మా దగ్గర దానికో సీసా వేరే ఉంది, మూత మీద ఎర్ర టేపు చుట్టి.