పపెట్ అన్నారు, చెయ్యి దూరే సందే లేదు

మేనల్లుడి ఐదో పుట్టినరోజుకని ఆన్‌లైన్‌లో టీవీ బొమ్మలాట మపెట్ షోలోని కెర్మిట్ కప్పని తెప్పించాను. షాపు పేరు ఎందుకులెండి. పేజీ మీద పపెట్ అని, అంటే చేతికి తొడుక్కుని ఆడించే బొమ్మ అని, పెద్దక్షరాలతో రాశారు, తీరా డబ్బా విప్పితే మామూలు దూది బొమ్మ! వెనక చెయ్యి దూర్చడానికి సందే లేదు, నోరు నల్ల దారంతో కుట్టేశారు. మెడ పట్టీకి 11 కోణాలుండాలి, లెక్కపెడితే ఏడే తేలాయి. మపెట్ షోలో బాల్కనీలో కూర్చుని అన్నిటికీ వంక పెట్టే ఆ ఇద్దరు ముసలాళ్ళు దీన్ని చూస్తే ఏమనేవాళ్ళో.

పిల్లాడికి ఏ కప్పయినా ఒకటే కదా అంది మా ఆవిడ. కాదు. కెర్మిట్ ప్రాణమంతా లోపలున్న చేతిలోనే ఉంటుంది. 1955లో మపెట్ల సృష్టికర్త జిమ్ హెన్సన్ తన తల్లి పాత కోటు కత్తిరించి, పింగ్‌పాంగ్ బంతిని రెండు చిప్పలు చేసి కళ్ళుగా పెట్టి కుట్టిన బొమ్మ అది. తల మెత్తటి గుడ్డే కాబట్టి లోపల వేళ్ళు ముడిస్తే మూతి ముడుచుకుంటుంది, పిడికిలి బిగిస్తే ముఖమంతా చిరాకు పడుతుంది. నోరు కుట్టేశాక ఇంకేం మిగిలింది?

ఆ కోపంలో అటక మీంచి మా అమ్మాయి వాట్‌నాట్‌ని దించాను. మపెట్ షోలో గుంపులో కనిపించే బొమ్మలుంటాయే, బోడి తలకి అవసరాన్ని బట్టి కళ్ళు, ముక్కు, జుట్టు మార్చి వాడుకునేవి, వాటిని వాట్‌నాట్లంటారు. ఎఫ్ఏఓ ష్వార్జ్ అనే బొమ్మల షాపు వాళ్ళు 2008లో న్యూయార్క్ ఐదో అవెన్యూ షాపులో వీటికి వర్క్‌షాపు పెట్టారు, అప్పట్లో వెబ్‌సైట్‌లోనూ మనమే ఎంచుకుని ఆర్డర్ పెట్టుకునే వీలుండేది. 2010లో మా అమ్మాయి కంప్యూటర్ ముందు గంటసేపు ముక్కులు మార్చి మార్చి చివరికి గుండ్రటిది ఖాయం చేసి, వాడికి సుబ్బారావు అని పేరు పెట్టింది. ఇన్నేళ్ళయినా కుట్టు ఊడలేదు, నోరు ఇప్పటికీ టపటపా ఆడుతుంది. డబ్బు కాస్త ఎక్కువనిపించింది కానీ ఆ గంట ఆటకే సరిపోయింది. ఆ షాపు 2015లో మూతపడి, 2018లో రాక్‌ఫెల్లర్ ప్లాజాలో మళ్ళీ తెరుచుకుంది.

కొనేవాళ్ళు ఒకటి చూసుకోండి. కెర్మిట్, మిస్ పిగ్గీ 2004 నుంచి డిస్నీవి, సెసమీ స్ట్రీట్ అనే పిల్లల టీవీ షోలోని ఎల్మో, బిగ్ బర్డ్ మాత్రం ఆ షో తీసే సెసమీ వర్క్‌షాప్‌వి. అందుకే ఏది కావాలో ఆ పాత్ర పేరుతోనే విడిగా వెతకండి. బొమ్మ వెనక్కి తిప్పి తీసిన ఫోటో లేకపోతే అసలు ఆర్డరే పెట్టకండి.

కప్పను వాపసు పంపించాను, డబ్బులు తొమ్మిది రోజులకి వచ్చాయి. పుట్టినరోజు మాత్రం అప్పటిదాకా ఆగదుగా, సుబ్బారావుని దులిపి ఇచ్చేశాను. మేనల్లుడు దాన్ని చేతికి తొడుక్కుని పప్పన్నం తినిపిస్తున్న వీడియో ఫ్యామిలీ గ్రూపులో పడిన రెండు నిమిషాలకే కాలేజీ నుంచి అమ్మాయి ఫోను. "నాన్నా, నా సుబ్బారావుని ఎవర్నడిగి ఇచ్చావ్?"