వాలుగకు సర్కిల్ గాలం: కొన్ని సీజన్లు వాడాక నా మాట

చేపను పట్టడానికి ఏ గాలమైనా సరిపోతుంది. పట్టిన చేపను బతికుండగానే నీళ్లలో వదలాలంటే మాత్రం మాకు పనికొచ్చింది సర్కిల్ గాలమే. సైజు నంబర్లు, ఎన్ని కిలోలు ఆపుతుంది లాంటివి ప్యాకెట్ మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. నేను రాయాలనుకున్నది దాని మొన గురించి. మామూలు జె ఆకారపు గాలానికి మొన పైకి చూస్తుంది. దీనికి లోపలికి, కాడ వైపుకు తిరిగి ఉంటుంది. చూడగానే ఇది ఎవరికి గుచ్చుకుంటుందిలే అనిపిస్తుంది. ఆ వంపే దీని గొప్పతనం.

మాది మధ్య మానేరు ఒడ్డు. అదే శ్రీ రాజరాజేశ్వర జలాశయం. దాని కింద మునిగిన ఊళ్లలో మాదీ ఒకటి, ఇప్పుడు ఉండేది ఆర్ అండ్ ఆర్ (పునరావాస) కాలనీలో. నీళ్ల అడుగున మొండిగోడలు, బావుల గడ్డలు, వేపచెట్ల మోడులు ఇంకా ఉన్నాయి. సముద్రంలో పెద్ద చేపలు పగడపు దిబ్బల సందుల్లో ఎలా చేరతాయో, ఇక్కడ వాలుగ చేపలు ఆ గోడల సందుల్లో అలా చేరాయి. అక్కడ వల వేస్తే మోడులకు పట్టుకుని చిరుగుతుంది. కాబట్టి గాలమే గతి. ఇద్దరు పట్టే ఫైబర్ పడవలో నేను, మా కాక రాత్రిపూట పోతాం. ఇద్దరికీ మత్స్యకారుల సంఘంలో సభ్యత్వం ఉంది.

వాలుగకు మా సంఘం పెట్టుకున్న లెక్క 65 సెంటీమీటర్లు. అంతకన్నా పొట్టిదైతే వదలాలి. పడవకు రాత్రికి మూడుకు మించి తేకూడదు. జూలై, ఆగస్టుల్లో వేట బంద్. మీటింగులో అందరూ సరే అన్నారు. అసలు చిక్కు నీళ్ల మీదికి పోయాక తెలుస్తుంది. వాలుగ నోరు చాలా పెద్దది, ఎరను కొరకదు, ఏకంగా మింగేస్తుంది. జె గాలం నేరుగా కడుపులోకి దిగుతుంది. పైకి తీసి పలక మీద పెట్టి కొలిస్తే 50 సెంటీమీటర్లు ఉంటుంది. రూల్ ప్రకారం వదిలేస్తాం. తెల్లారి వచ్చేసరికి అది మోడు పక్కన వెల్లకిలా తేలుతూ ఉంటుంది. రూల్ పాటించినట్టే, కానీ చేప చచ్చినట్టే. అమ్ముకోవడానికీ లేదు, పెరగడానికీ లేదు. ఇది చూసి చూసి మా సంఘంలో కొందరు "చచ్చేదాన్ని వదిలి ఏం లాభం" అని చిన్నవి కూడా తేవడం మొదలుపెట్టారు. వాళ్లను తప్పుపట్టలేం.

సర్కిల్ గాలాలు మొదట మా బావ బహ్రెయిన్ నుంచి తెచ్చాడు. అక్కడ చిన్న పడవల్లో పోయి హమూర్ అనే సముద్రపు చేపను పట్టేవాళ్ల దగ్గర చూశాడట. హమూర్ సంగతి కూడా బావ చెప్తేనే తెలిసింది. అది ముందు ఆడచేపగా పెరిగి, బాగా పెద్దయ్యాక మగదిగా మారుతుంది. చిన్నవి పట్టేస్తే గుడ్లు పెట్టేవి ఉండవు, పెద్దవన్నీ పట్టేస్తే మగవి ఉండవు. అలాంటి చేపకు కొలత లేకుండా వేట అంటే ఇంటిని పునాది నుంచీ, పైకప్పు నుంచీ ఒకేసారి పీకడమే. అమెరికాలో మెక్సికో గల్ఫ్ వైపు పగడపు దిబ్బల చేపలకు సహజమైన ఎరతో గాలం వేసేవాళ్లకు 2008 నుంచి సర్కిల్ గాలం తప్పనిసరి చేశారు. అక్కడి సముద్రంలో రెడ్ స్నాపర్ సరదా వేటగాళ్లకు మనిషికి రోజుకు రెండే, 16 అంగుళాల కన్నా చిన్నదైతే వదలాలి. వదలమని రూల్ పెట్టినవాళ్లు, వదిలింది బతికే గాలం కూడా వాడమన్నారు. ఈ రెండో ముక్క మన దగ్గర ఎవరూ మాట్లాడరు.

గాలం పనిచేసే తీరు ఇదీ. చేప ఎర మింగి పక్కకు తిరిగి పోతుంది. తంగూసు బిగుస్తుంది. మొన లోపలికి ఉంది కాబట్టి గాలం గొంతులో ఎక్కడా గుచ్చుకోకుండా జారుతూ పైకి వస్తుంది. దవడ మూలకు రాగానే గిర్రున తిరిగి అక్కడ దిగుతుంది. ఒక్కటే షరతు: మనం గుంజకూడదు. గుంజితే తిరిగే టైం దొరకదు, ఎరతో సహా నోట్లోంచి ఊడి వస్తుంది.

ఈ షరతు మా కాకకు అస్సలు నచ్చలేదు. చిన్నప్పటి నుంచి దారం కదలగానే చెయ్యి లేపిన మనిషి. "గుంజకుంట గాలమేందిరా, దండం పెట్టాల్నా దానికి?" అన్నాడు. మొదట్లో ఆయన వైపు కొట్టిన చేపలన్నీ పోయాయి. తర్వాత దారాన్ని చేతిలో పట్టుకోవడం మానేసి, పడవ అంచుకు కట్టిన రబ్బరుకు ముడేశాడు. అప్పటి నుంచి ఆయన వైపే ఎక్కువ పడుతున్నాయి.

ఇక నన్ను ఈ గాలానికి కట్టిపడేసిన సంగతి. ఒక చలికాలం రాత్రి, పాత గుడి అరుగు మునిగిన చోట ఒక వాలుగ పడింది. పడవలోకి తీసి తడిగుడ్డతో పట్టుకుని టార్చి వేశాం. గాలం సరిగ్గా దవడ మూల, పెదవి వెనక దిగి ఉంది. రక్తం ఒక చుక్క. కొలిస్తే 58. ఎడమవైపు పొడుగు మీసం సగానికి తెగి ఉంది, పాత దెబ్బే. కడుపు కింది రెక్కలో అర్ధచంద్రంలా ఒక ముక్క లేదు, తాబేలు కొరికిందో ఏమో. ప్లయర్‌తో గాలం వెనక్కి తిప్పగానే వచ్చేసింది. తలను నీళ్లలో పెట్టి కాసేపు పట్టుకున్నాం. తోక ఒక్కసారి కొట్టి, నా చొక్కా తడిపి కిందికి పోయింది.

తర్వాతి చలికాలం అదే అరుగు దగ్గర, కాక వైపు దారానికి పెద్దది పడింది. మోడు చుట్టూ తిప్పేసింది. దారం తెగుతుందని పడవనే మోడు చుట్టూ తిప్పి విడదీశాం. పైకి వచ్చాక ముందు కాకే చూశాడు. "అరే, గా తెగిన మీసందేరా!" సగం మీసం, రెక్కలో అదే అర్ధచంద్రం. ఈసారి పలక మీద 74. పాత గాలం దిగిన చోట గట్టిపడిన తెల్లటి చుక్క ఉంది, గోటితో తడిమితే తెలుస్తుంది. కొత్త గాలం రెండో మూలకు దిగింది.

దాన్ని వదల్లేదు. అది మా లెక్క దాటిన చేప, రాత్రికి మూడిట్లో ఒకటి, కడుపులో జన (గుడ్లు) లేని కాలం. మధ్యలో ఒక వానాకాలం గడిచింది. వరద నీళ్లు పొలాల అంచుల మీదికి ఎక్కినప్పుడు అది గుడ్లు పెట్టే అవకాశం దానికి దొరికింది. కొలత పెట్టేది అందుకే కదా. పొద్దున కోసినప్పుడు నేనే దగ్గరుండి చూశాను. గొంతు శుభ్రంగా ఉంది, పేగుల్లో ఎక్కడా గాయం మచ్చ లేదు, పొట్టలో రెండు తిలాపియాలు, నాలుగైదు పరకలు (చిన్న చేపలు) ఉన్నాయి. వదిలిన చేప తిన్నది, పెరిగింది, మళ్లీ మాకే దక్కింది. ఆ తర్వాత సంఘం మీటింగులో నేను మాట్లాడాల్సిన పని పడలేదు, కాకే మాట్లాడాడు.

సంఘంలో పెద్దమనుషులది ఇంకో వాదన ఉంది, దాన్ని కొట్టిపారేయను. వాలుగ వేటచేప. సర్కారు 2016-17 నుంచి చెరువుల్లో ఉచితంగా వదులుతున్న బొచ్చె, రోహు పిల్లల్ని అది తింటుంది. జలాశయాల్లో వదిలే పిల్ల 80 నుంచి 100 మిల్లీమీటర్లు ఉంటుంది, వాలుగకు అది ఒక్క ముద్ద. "దొంగను సాదుతార్రా?" అని అడుగుతారు. చిన్న కుంటలో అయితే వాళ్లదే న్యాయం, అక్కడ వాలుగ ఉండకూడదు. మానేరు లాంటి పెద్ద నీళ్లలో నా లెక్క వేరు. బొచ్చె పిల్ల ఏటా లారీలో వస్తుంది. వాలుగ పిల్లను ఎవరూ తెచ్చి పోయరు. ఉన్నవి గుడ్లు పెడితేనే రేపు వాలుగ. ప్రపంచంలో జీవజాతుల స్థితిని లెక్కగట్టే ఐయూసీఎన్ సంస్థ ఎర్రజాబితాలో కూడా దాన్ని ముప్పున్న జాతుల్లో చేర్చారు.

దీనికి తోడు మిరుగం, అంటే మృగశిర కార్తె. జూన్ 8 అటూఇటూ తెలంగాణలో చేప వండని ఇల్లు ఉండదు, పొద్దున్నే కట్ట మీదికే బేరగాళ్లు వస్తారు. సరిగ్గా అప్పుడే వాలుగ కడుపు నిండా జనతో ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ రేటు, ఎక్కువ నష్టం ఒకే వారంలో పడతాయి. ఆ వారం జన ఉన్న ఆడది పడితే ఎంత పొడుగున్నా వదులుతున్నాం. ఇది సంఘం రూల్ కాదు, మా పడవ పట్టుదల. గాలం దవడ మూలలో ఉంటేనే ఈ పట్టుదలకు అర్థం ఉంటుంది.

ఇంతగా పొగిడాను కాబట్టి రెండో ప్యాకెట్ కథ కూడా చెప్పాలి. బావ తెచ్చినవి అయిపోయాక ఒక దుకాణంలో అడిగితే సర్కిలే అని ఇచ్చారు. బొమ్మ అదే, వంపు అదే. మొదటి రాత్రే 45 సెంటీమీటర్ల పిల్ల గాలాన్ని గొంతు కిందికి మింగి వచ్చింది. మొప్పల్లోంచి రక్తం కారుతోంది. దారం దగ్గరగా కోసి వదిలాం, పొద్దున అది తేలింది. తర్వాత ఇంకొకటి అంతే. ఇంటికి తెచ్చి పాతదాన్ని, కొత్తదాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే తేడా దొరికింది. పాతది బల్ల మీద పడుకోబెడితే చదునుగా ఆనుతుంది. కొత్తదాని మొన పక్కకు మెలితిరిగి బల్ల నుంచి లేచి ఉంది. అలా పక్కకు తిరిగిన మొన గొంతులో జారదు, దొరికిన చోట దిగుతుంది. పేరు సర్కిల్, పని జె గాలం పని. కాబట్టి కొనేముందు ఫోన్ అద్దం మీద పెట్టి చూడండి, మొన, కాడ రెండూ ఆనాలి. దుకాణం వాళ్లు తిరిగి తీసుకోలేదు, ఆ గాలాలన్నీ ప్లయర్‌తో విరగ్గొట్టి పారేశాను.

ఎర విషయంలో కూడా జాగ్రత్త కావాలి. కోడి పేగులు ముద్దగా చుడితే మొనకు, కాడకు మధ్య సందు మూసుకుపోతుంది, ఇక గాలం తిరగదు. ఒక పరకను పెదవి దగ్గర గుచ్చి వదిలితే చాలు. వాలుగ పళ్లకు తంగూసు తెగుతుంది, అడుగు పొడవు స్టీలు తీగ ముందు పెట్టుకోవాలి. ఈ గాలాలు తుప్పు పట్టని స్టీలువి కావు, ఒక సీజన్‌కే తుప్పు పడతాయి. డబ్బు పరంగా అది నష్టమే. కానీ దారం తెగి చేప నోట్లో ఉండిపోతే తుప్పు పట్టి రాలిపోతుంది కాబట్టి నేను తుప్పు పట్టనివి అడగను.

అన్ని చేపలకూ ఇదే వాడమని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ని. ఇప్పుడు అలా చెప్పను. బొచ్చె పిండి ఎరను పీల్చి ఊసేస్తుంది, అక్కడ చెయ్యి చురుగ్గా గుంజాల్సిందే, సర్కిల్ గాలం ఖాళీగా వస్తుంది. నాచులో కప్ప ఎరతో కొర్రమీను ఆడించేవాళ్లకు కూడా ఇది అడ్డమే. వాలుగ కూడా పది పడితే ఒకటో రెండో లోతుగా మింగుతూనే ఉంటాయి, అసలు మింగనే మింగదని ఎవరైనా అంటే నమ్మకండి. ఇంకొకటి: సముద్రంలో లోతు నుంచి తీసిన స్నాపర్, హమూర్‌లకు గాలితిత్తి ఉబ్బి, వదిలినా కిందికి పోలేవు. వాలుగకు ఆ గాలి నోటి గుండా పోయే దారి ఉంది. కాబట్టి మా చేపలు బాగా బతుకుతున్నాయంటే అందులో గాలం గొప్ప కొంత, చేప గొప్ప కొంత.

నాకు మరమగ్గాల దగ్గర పగటి పని ఉంది, రాత్రి రెండు చేపలు తక్కువ పడినా ఇల్లు నడుస్తుంది. వేటే బతుకైనవాళ్లు కాక లాగా గుంజడం మానేదాకా కొన్ని ఖాళీ రాత్రులు తట్టుకోవాలి. వాళ్లు సగం పాత గాలాలు, సగం ఇవి వేసి ఒక చలికాలం చూసుకుంటే మేలు. మేమైతే వచ్చే సీజన్‌కు ఇంకో పని అనుకున్నాం. మొన వెనక ఉండే ముల్లును ప్లయర్‌తో నొక్కి చదును చేసి వేస్తాం, గాలం ఇంకా తొందరగా వస్తుంది. కొన్ని చేపలు జారిపోతాయని కాక భయం. ఆయన వైపు దారాలకు ముల్లు ఉన్నవి, నా వైపు నొక్కినవి కట్టాలని ఒప్పందం చేసుకున్నాం.