ఎలుక బతుకా, పావురం బతుకా: ఏది మేలు?

ప్రయోగశాలల్లో పెంచే ఎలుకకూ పావురానికీ బరువులో పెద్ద తేడా లేదు. ఒంట్లో శక్తి ఖర్చయ్యే జోరూ ఇంచుమించు ఒకటే. అయినా ఎలుక మూడు నాలుగేళ్లలో ముసలిదై చనిపోతుంది. పావురానికి 35 ఏళ్ల దాకా ఆయుష్షు ఉంటుంది. సంతానంలో మాత్రం ఎలుకదే పైచేయి. మూడు వారాలు మోసి, కాన్పుకు పదికి అటూ ఇటూ పిల్లల్ని కంటుంది. పావురం పెట్టేది రెండే గుడ్లు. తల్లీ తండ్రీ వంతులు వేసుకుని 18 రోజులు పొదిగి, తమ గొంతు సంచిలో ఊరే పాలు పట్టి పెంచుతాయి.

ఈ తేడాకు మూలం కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో ఉందన్నది పాత వాదం. ఆహారం నుంచి శక్తిని తీసేటప్పుడు కొంత ఆక్సిజన్ దారి తప్పి సూపర్ ఆక్సైడ్‌గా, హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుతుంది. అది కొవ్వులనూ ప్రొటీన్లనూ డీఎన్ఏనూ దెబ్బతీస్తుంది. ముసలితనానికి కారణం ఇదేనని శాస్త్రవేత్త డెన్‌హామ్ హార్మన్ 1956లో ప్రతిపాదించారు. పావురం కణాల పొరల్లో తేలిగ్గా ఆక్సీకరణ చెందే, అంటే ఈ ఆక్సిజన్ దెబ్బకు పాడయ్యే కొవ్వులు ఎలుకలో కన్నా తక్కువ. దెబ్బతిన్నదాన్ని బాగుచేయడానికీ శక్తి కావాలి, ఆ మేరకు పిల్లలకు మిగిలేది తగ్గుతుంది.

పాములూ గుడ్లగూబలూ ఏడాది తిరక్కుండానే మింగేసే చోట ముసలితనం కోసం శక్తిని దాచుకోవడం దండగ. అక్కడ ఎలుక పద్ధతే మేలు. ఎగిరి తప్పించుకోగల ప్రాణికి పావురం పద్ధతి కలిసొస్తుంది.

ఇంతవరకూ లెక్క ముచ్చటగానే ఉంది, కానీ పూర్తిగా నమ్మబుద్ధి కాదు. జీబ్రా ఫించ్ పిట్టల గూళ్లలో అదనంగా పిల్లల్ని ఉంచితే, పెంచే పిట్టల్లో ఆక్సీకరణను తట్టుకునే శక్తి తగ్గింది. సంతానానికి మూల్యం ఇదేననిపిస్తుంది. అయితే పిల్లలు కనే దశలోని ఆడ జంతువుల్లో, కనని వాటికన్నా ఆక్సీకరణ నష్టం తక్కువగా కనబడిన సందర్భాలూ బోలెడు. పుట్టబోయే పిల్లల కోసం తల్లి ఒళ్లు ముందే జాగ్రత్త పడుతుందని కొందరి వివరణ. మైటోకాండ్రియాను కాపాడే ఎంజైమును సగానికి తగ్గించిన చుంచెలుకల్లో డీఎన్ఏ నష్టం పెరిగింది, క్యాన్సర్లు పెరిగాయి. ఆయుష్షు మాత్రం తగ్గలేదు!

అన్నిటికన్నా పెద్ద చిక్కు తూర్పు ఆఫ్రికా నేల కింద గుంపులుగా బతికే, ఒంటిమీద బొచ్చు దాదాపు లేని ఎలుకలాంటి జీవి నేకెడ్ మోల్ ర్యాట్‌తో. చుంచెలుకంతే ఉండి 30 ఏళ్లు దాటి బతుకుతుంది. చిన్న వయసులోనే దాని ఒంట్లో ఆక్సీకరణ నష్టం చుంచెలుకలో కన్నా ఎక్కువ. గుంపులో పిల్లల్ని కనే ఆడది, అంటే రాణి, ఒక్క కాన్పులో ఇరవైకి పైగా పిల్లల్ని కనగలదు. ఎంచుకోమంటే నా ఓటు దీనికే, రాణిగా పుడితేనే సుమా. గుంపులో మిగతా ఆడవి సాధారణంగా పిల్లల్ని కనవు. సొరంగాలు తవ్వుతూ, రాణి పిల్లల్ని సాకుతూ బతుకుతాయి.